నడివయసులో వైద్యరంగ విద్య: ఇంట కూర్చుని నేర్వగలిగినదెంత?

విద్యకు వయసుతో నిమిత్తం లేదని పెద్దలంటారు. ఆ మాట నిజమే. అయినా నలభై ఏళ్లు దాటిన గృహస్థు చదువుకు పూనుకున్నప్పుడు అతని వెనుక ఒక కుటుంబం ఉంటుంది. పిల్లల ఫీజులు, ఇంటి అప్పు వాయిదాలు, పెద్దవారి మందుల ఖర్చులు ఉంటాయి. పాతికేళ్ల యువకుడు ఒక ఏడాది పోగొట్టుకున్నా మరొక ఏడాదితో సరిపెట్టుకోగలడు. నడివయసువారికి ఆ వెసులుబాటు తక్కువ. అందువల్ల ఆ వయసులో వృత్తి మార్చదలచినవారు ఏమి చదవాలి అని ఆలోచించడానికి ముందు, ఆ చదువు తమకు ఏ అర్హతను ఇస్తుందో, ఏ అర్హతను ఇవ్వదో తెలుసుకోవాలి. వైద్యరంగంలో ఇది మరింత అవసరం. ఇక్కడ తేడా వస్తే నష్టపోయేది చదివినవారు మాత్రమే కాదు, వారిని నమ్మి వచ్చిన రోగి కూడా.

నేను వైద్యుణ్ణి కాను. ఇరవైమూడేళ్లు గుంటూరు ప్రాంతంలోని ఒక జిన్నింగు మిల్లులో లెక్కలు రాశాను. చిట్టా, ఆవర్జా, అమ్మకపు పన్ను, ఆ తరువాత జి.ఎస్.టి. ఇవే నా లోకం. నా నలభై ఆరవ ఏట మిల్లు చేతులు మారింది. నాతోపాటు మరి నలుగురి పని పోయింది. ఆపైన పద్నాలుగు నెలలు ఇంటినుంచే ఆన్‌లైన్ పద్ధతిలో చదివి, వైద్యరంగానికి అనుబంధమైన ఒక వృత్తిలో చేరాను. ఇప్పుడు అందులో మూడో ఏడు నడుస్తోంది. నా వంటివారు సాయంత్రాలు వచ్చి సలహా అడుగుతుంటారు. వారికి చెప్పే విషయాలనే ఇక్కడ ఒక క్రమంలో పాఠంగా అందిస్తున్నాను.

నడివయసు చదువుకు పనికివస్తుందా?

"ఇంత వయసు వచ్చాక బుర్రకెక్కుతుందా?" అన్నది అందరూ అడిగే మొదటి ప్రశ్న. చరక సంహిత విమానస్థానం ఎనిమిదవ అధ్యాయంలో వయసును మూడు భాగాలుగా చెప్పారు. ముప్పై ఏళ్ల వరకు బాల్యం, ముప్పై నుంచి అరవై వరకు మధ్యమం, ఆపైన జీర్ణావస్థ. వీటిలో మధ్యమ వయసుకు చెప్పిన లక్షణాలను గమనించండి. బలం, పరాక్రమం మొదలైన వాటితోపాటు గ్రహణం, ధారణం, స్మరణం, వచనం, విజ్ఞానం అనే శక్తులు ఆ వయసులో నిలకడగా ఉంటాయని అక్కడ వివరించారు. గ్రహణం అంటే విన్నదానిని అర్థం చేసుకోవడం, ధారణం అంటే దానిని నిలుపుకోవడం, స్మరణం అంటే అవసరమైనప్పుడు జ్ఞప్తికి తెచ్చుకోవడం, వచనం అంటే ఇతరులకు చెప్పగలగడం, విజ్ఞానం అంటే ప్రత్యేకమైన ఎరుక. చదువుకు ఇంతకంటె కావలసిన సరంజామా ఏముంది?

నా అనుభవం కూడా దీనికి దగ్గరగానే ఉంది. కొత్త పేరును కంఠస్థం చేయడంలో మా అమ్మాయి నాకంటె చురుకు. అయితే ఒక విషయాన్ని మరొక విషయంతో ముడిపెట్టి చూడడంలో నాకే వెసులుబాటు ఎక్కువ. నడివయసువారు బట్టీకంటె అవగాహన మీద ఆధారపడే చదువును ఎంచుకోవాలని నేను చెప్పడానికి కారణం ఇదే.

వినికిడి వేరు, చేతివాటం వేరు

చరకుడు సూత్రస్థానం తొమ్మిదవ అధ్యాయంలో చికిత్సకు నాలుగు పాదాలు చెప్పాడు. వైద్యుడు, ఔషధం, ఉపస్థాత అనగా పరిచారకుడు, రోగి అన్నవి ఆ నాలుగు. ప్రతి పాదానికీ మళ్లీ నాలుగేసి గుణాలు ఉండాలన్నాడు. వైద్యునికి కావలసినవి శాస్త్రాన్ని నిర్మలంగా విని తెలుసుకోవడం, కర్మను పలుమార్లు కళ్లారా చూసి ఉండడం, దక్షత, శుచిత్వం. పరిచారకునికి కావలసినవి సేవచేసే పద్ధతి తెలియడం, దక్షత, రోగిపట్ల అనురాగం, శుచిత్వం.

ఈ గుణాలను ఒకసారి తక్కెడలో వేసి చూడండి. వైద్యునికి చెప్పిన నాలుగింటిలో మొదటిది, అంటే శ్రుతం, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. మంచి ఆచార్యుని ఉపన్యాసాన్ని ఎన్నిసార్లయినా వెనక్కు తిప్పి వినవచ్చు గనుక, ఒక్కొక్కసారి తరగతి గదిలోకంటె బాగానే దొరుకుతుంది. రెండవది, అంటే దృష్టకర్మత, తెరమీద దొరకదు. నాడి వేలికి తగలాలి. కడుపును నొక్కి చూసినప్పుడు గట్టిదనం అరచేతికి తెలియాలి. పంచకర్మలో స్వేదనం ఎప్పుడు ఆపాలో రోగి ముఖం చూసి గ్రహించాలి.

సుశ్రుతుడు ఈ విషయంలో మరింత పట్టుదల చూపాడు. శాస్త్రం పూర్తిగా చదివిన శిష్యునిచేత కూడా గుమ్మడి, ఆనప, దోస వంటి కాయల మీద కోత సాధన చేయించాలని, నీరు నింపిన తోలుతిత్తుల మీద, తామర తూడుల మీద, గుడ్డతో చేసిన బొమ్మల మీద ఒక్కొక్క కర్మను అభ్యసింపజేయాలని ఒక అధ్యాయమంతా చెప్పాడు. శాస్త్రం మాత్రమే తెలిసినవాడు గాని, కర్మ మాత్రమే తెలిసినవాడు గాని ఒంటిరెక్క పక్షి వంటివాడని ఆయన అభిప్రాయం. ఆన్‌లైన్ చదువు మనకిచ్చేది ఒక రెక్కను మాత్రమే. రెండవ రెక్క ఎక్కడినుంచి వస్తుందో తెలుసుకోకుండా ఎగరడానికి ప్రయత్నించరాదు. ఈ పాఠానికంతటికీ మూలసూత్రం ఇదే.

చట్టం గీసిన గీతలు

ఆయుర్వేద వైద్యవృత్తి చేయాలంటే గుర్తింపు పొందిన కళాశాలలో బి.ఎ.ఎం.ఎస్. చదవాలి. నాలుగున్నరేళ్ల చదువు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్ కలిపి అయిదున్నరేళ్లు. ఇందులో ప్రవేశానికి నీట్ పరీక్ష రాయాలి. 2022లో నీట్‌కు గరిష్ఠ వయోపరిమితి తొలగించారు గనుక, ఓపిక, వనరులు ఉన్నవారికి నలభై అయిదేళ్లకు కూడా ఆ పరీక్ష దారి మూసి లేదు. అయితే అది కళాశాలకు వెళ్లి చదివే చదువే తప్ప, ఇంటినుంచి చదివేది కాదు. భారతీయ వైద్యవిధానాల జాతీయ కమిషన్ చట్టం 2020లో వచ్చింది. రాష్ట్ర రిజిస్టరులో గాని, జాతీయ రిజిస్టరులో గాని పేరు నమోదు కానివారు ఈ వైద్యం చేయడం శిక్షార్హం. అంతకుముందే, 2018 ఏప్రిల్ 13న, కేరళకు చెందిన ఒక కేసులో, గుర్తింపు పొందిన అర్హత లేకుండా సాంప్రదాయ వైద్యం వృత్తిగా చేయరాదని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఇక వైద్యానుబంధ వృత్తుల సంగతి. ఫిజియోథెరపీ, లేబొరేటరీ పరీక్షలు, ఆహార, పోషక సలహాలు మొదలైన వృత్తుల కోసం 2021లో జాతీయ చట్టం వచ్చింది. ఆ చట్టం పరిధిలోని విద్యలను విశ్వవిద్యాలయాలు దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతుల్లో నేర్పరాదని యు.జి.సి. 2025లో ఆదేశించింది. మనస్తత్వశాస్త్రం, సూక్ష్మజీవశాస్త్రం, ఆహార, పోషక విజ్ఞానం, జీవసాంకేతికశాస్త్రం, క్లినికల్ న్యూట్రిషన్ అండ్ డయెటెటిక్స్ వంటివి ఇందులో ఉన్నాయి. 2025 జులై-ఆగస్టు విద్యాకాలం నుంచి వీటిలో కొత్త ప్రవేశాలు ఇవ్వకూడదు. కాబట్టి "ఇంట కూర్చుని డయెటీషియన్ డిగ్రీ" అనే ప్రకటన ఇప్పుడు కనిపిస్తే రెండుసార్లు ఆలోచించాలి. నర్సింగు, ఫార్మసీ, ఫిజియోథెరపీ మొదలైనవి అంతకు పూర్వమే ఈ నిషేధంలో ఉన్నాయి.

ఒక సంఘటన

చట్టం ఎందుకింత కఠినంగా ఉండాలి అనేవారికి మా ఊళ్లో జరిగిన ఒక సంగతి చెబుతాను. ఉద్యోగ విరమణ చేసిన ఒక పెద్దమనిషి ఆరు వారాల ఆన్‌లైన్ కోర్సు పూర్తిచేసి, బంగారు రంగు అక్షరాల ధ్రువపత్రం గోడకు తగిలించుకున్నారు. ఆయన ధనాశ కలవారు కారు. ఎవరి దగ్గరా పైసా తీసుకునేవారు కారు. పొడపత్రి, మెంతులు, నేరేడు గింజల గుణాలు ఆయన గడగడా చెప్పగలరు. చాలా ఏళ్లుగా ఇన్సులిన్ తీసుకుంటున్న ఒక ఇల్లాలు ఆయన దగ్గరకు వచ్చింది. సూదులు ఆపి చూర్ణం వాడమని ఆయన చెప్పారు. అయిదవ రోజున ఆమెకు వాంతులు, విపరీతమైన ఆయాసం, మగత వచ్చాయి. ఆసుపత్రికి తీసుకువెళితే రక్తంలో ఆమ్లాలు పేరుకుపోయాయని తేలింది. కొన్నాళ్లు అత్యవసర విభాగంలో ఉండి బతికి బయటపడింది.

పొడపత్రిని గురించి ఆయన చదివినది అబద్ధం కాదు. ఇన్సులిన్ ఆగిన రోగి ఎలా ఉంటాడో ఆయన ఎన్నడూ చూడలేదు. లోటు అంతా అక్కడే ఉంది. మెంతులు, నేరేడు గింజలు వంటింట ఆహారంగా ఉండడం వేరు, వాటిని చూపి వైద్యుడు రాసిన ఇన్సులిన్ మానిపించడం వేరు. ఈ పత్రిక చదివే ప్రతి కుటుంబమూ ఈ తేడాను గుర్తుంచుకోవాలి. చికిత్స చేస్తున్న వైద్యుని అనుమతి లేకుండా ఇన్సులిన్ ఎప్పుడూ ఆపరాదు.

రోగిని తాకకుండా చేయగల పనులు

అలాగైతే ఆన్‌లైన్ చదువు నిష్ప్రయోజనమా అంటే, కాదు. వైద్యరంగం అంటే వైద్యుడు, నర్సు మాత్రమే కాదు. రోగిని తాకనక్కరలేని పనులు అందులో ఎన్నో ఉన్నాయి. మన పాత వృత్తిలోని నేర్పును వాటిలోకి తీసుకుపోవచ్చు.

1. లెక్కలు, బ్యాంకు, బీమా అనుభవం ఉన్నవారు ఆసుపత్రుల బిల్లింగు, బీమా క్లెయిముల విభాగాలకు పనికివస్తారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పటి నుంచి మన ఆసుపత్రుల్లో ఈ కాగితాల పని బాగా పెరిగింది.

2. కొనుగోళ్లు, గిడ్డంగుల అనుభవం ఉన్నవారు ఆసుపత్రి సామగ్రి నిర్వహణకు పనికివస్తారు. మందుల పంపిణీకి మాత్రం ఫార్మసిస్టు ఉండాలి.

3. ఉపాధ్యాయులు, భాష తెలిసినవారు రోగులకిచ్చే సూచనలను తెలుగులో సరళంగా రాయడం, అనువదించడం చేయవచ్చు. వైద్యుడు సరిచూడకుండా అవి అచ్చుకు వెళ్లకూడదు.

4. ఓపికగా చదివి, నియమాల ప్రకారం వర్గీకరించే స్వభావం ఉన్నవారికి మెడికల్ కోడింగు ఉంది. నేను ఎంచుకున్నది ఇదే. హైదరాబాదులో ఈ పని చేసే సంస్థలు చాలా ఉన్నాయి.

మెడికల్ కోడింగు అంటే ఏమిటి?

వైద్యుడు రోగిని చూసి రాసిన వివరాలను చదివి, అందులోని ప్రతి రోగానికి, ప్రతి చికిత్సకు నిర్ణీతమైన సంకేతాన్ని కేటాయించడమే ఈ పని. 1893లో బెర్టిలాన్ అనే ఫ్రెంచి గణాంకవేత్త మరణకారణాల పట్టికను రూపొందించాడు. అదే క్రమంగా పెరిగి, ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వహణలో అంతర్జాతీయ రోగ వర్గీకరణగా, అంటే ఐ.సి.డి.గా మారింది. దాని పదవ కూర్పును అమెరికా తన అవసరాలకు విస్తరించి 2015 అక్టోబరు 1 నుంచి వాడుతోంది. మన హైదరాబాదులో జరిగే కోడింగులో ఎక్కువ భాగం అమెరికా ఆసుపత్రులదే.

మనకు తెలిసిన రోగంతోనే ఉదాహరణ చూద్దాం. మోకాలి కీలు అరుగుదలకు ఆ వర్గీకరణలో "ఎం 17" అనేది మూలసంకేతం. రెండు మోకాళ్లలోనూ ఉంటే ఎం 17.0. కుడి మోకాలిలో మాత్రమే ఉంటే ఎం 17.11. ఎడమదైతే ఎం 17.12. వైద్యుడు "మోకాలు" అని మాత్రం రాసి ఏ వైపో చెప్పకపోతే మనం ఊహించి వేయకూడదు, ఆయననే అడగాలి. అలాగే ఉపద్రవాలు లేని రెండవ రకం మధుమేహానికి ఇ 11.9. అదే రోగికి మధుమేహం వల్ల మూత్రపిండాలు దెబ్బతిన్నాయని రాసి ఉంటే ఇ 11.22 వేయాలి. దానితోపాటు మూత్రపిండ వ్యాధి ఏ దశలో ఉందో చెప్పే మరొక సంకేతం కూడా వేయాలి.

ఈ పని మొదటిసారి చూసినప్పుడు నాకు మిల్లులోని చిట్టాయే కనిపించింది. అక్కడ రసీదు లేని పద్దు రాయరాదు. ఇక్కడ వైద్యుడు రాయని సంకేతం వేయరాదు. ఇరవైమూడేళ్లు నేను చేసిన సాధన కొత్త వృత్తికి పునాదిగా పనికివచ్చింది. ఇంతకు ముందు చెప్పిన రెండవ రెక్క నాకు వచ్చింది అక్కడినుంచే.

ఆయుర్వేద అభిమానులకు మరొక మాట. ఐ.సి.డి. పదకొండవ కూర్పు 2022 జనవరి 1న అమలులోకి వచ్చింది. అందులోని సాంప్రదాయ వైద్య అధ్యాయానికి రెండవ భాగంగా ఆయుర్వేద, సిద్ధ, యునాని రోగనామాలను చేర్చే పట్టికను 2024 జనవరి 10న న్యూఢిల్లీలో ఆవిష్కరించారు. మన వైద్యుల రికార్డులను కూడా ఇలా వర్గీకరించే రోజులు రాబోతున్నాయి. సంస్కృత రోగనామాలూ, ఆధునిక రోగనామాలూ రెండూ ఎరిగినవారికి అప్పుడు పని ఉంటుంది.

చదువు సాగిన తీరు

మొదటి నాలుగు నెలలు శరీర నిర్మాణం, శరీర ధర్మాలు చదివాను. ఇందుకు రుసుం అక్కరలేదు. కేంద్ర ప్రభుత్వం 2017 జులై 9న ప్రారంభించిన స్వయం వేదికలో ఉపన్యాసాలు ఉచితంగా వినవచ్చు. ధ్రువపత్రం కోరి పరీక్ష రాసేవారు మాత్రమే రుసుం కట్టాలి.

ఈ దశలో వైద్య పదజాలం కొరకరాని కొయ్యగా కనిపిస్తుంది. సమాసాలు విడదీయడం తెలిసిన తెలుగువారికి ఇది కష్టం కాకూడదు. "ఆర్థ్రో" అంటే సంధి, "నెఫ్రో" అంటే మూత్రపిండం, "హెపటో" అంటే కాలేయం. "ఐటిస్" అంటే శోథ, "ఎక్టమీ" అంటే తొలగించడం, "ఆటమీ" అంటే కోయడం, "ఆస్టమీ" అంటే ద్వారం ఏర్పరచడం. కనుక ఆర్థ్రైటిస్ అంటే సంధిశోథ, నెఫ్రెక్టమీ అంటే మూత్రపిండాన్ని తొలగించడం. ఇటువంటి మూలపదాలు రెండువందలు వస్తే వేల పదాలు విడదీసి చదువుకోవచ్చు.

తరువాతి నాలుగు నెలలు సంకేత గ్రంథాలు, వాటి నియమాలు చదివాను. ఆపై నాలుగు నెలలు పేర్లు తొలగించిన రోగుల వివరాలమీద రోజుకు పదేసి చొప్పున సాధన చేశాను. ఇదే ఈ వృత్తిలో గుమ్మడికాయ మీద కోత. చివరి రెండు నెలలు మాదిరి పరీక్షలు రాశాను. ఈ వృత్తిలో ఎక్కువగా అడిగేది అమెరికాలోని ఎ.ఎ.పి.సి. అనే సంస్థ ఇచ్చే సి.పి.సి. అర్హత. ఇప్పుడు ఆ పరీక్షలో నాలుగు గంటల్లో 100 ప్రశ్నలకు జవాబు గుర్తించాలి. 70 శాతం వస్తే ఉత్తీర్ణత. సంకేత గ్రంథాలను దగ్గర పెట్టుకోవచ్చు. అందుచేత బట్టీకంటె గ్రంథంలో వెతికే నేర్పు ముఖ్యం.

విద్యాభ్యాసానికి చరకుడు చెప్పిన మూడు ఉపాయాలు నాకు బాగా ఉపకరించాయి. అధ్యయనం, అధ్యాపనం, తద్విద్య సంభాష అన్నవి ఆ మూడు. అధ్యయనం వేకువజామున నాలుగున్నర నుంచి ఆరున్నర వరకు. అధ్యాపనం అంటే చదివినదానిని మరొకరికి చెప్పడం. ఇంటర్మీడియట్ చదువుతున్న మా అమ్మాయికి రాత్రి భోజనాల దగ్గర ఆనాటి పాఠం చెప్పేవాణ్ణి. నేను తడబడిన చోటే నాకు సరిగా అర్థం కాని చోటని తెలిసిపోయేది. తద్విద్య సంభాష అంటే అదే విద్య చదివేవారితో చర్చ. నలుగురం కలిసి ప్రతి ఆదివారం ఫోనులో గంటసేపు సందేహాలు తీర్చుకునేవాళ్లం. ఆన్‌లైన్ చదువును మధ్యలో విడిచిపెట్టేవారిలో చాలామంది ఒంటరిగా చదివి విసిగినవారే.

చదివే శరీరాన్ని కాపాడుకోవాలి

నలభై దాటాక చత్వారం వస్తుంది. పుస్తకానికి రాయించుకున్న అద్దాలు కంప్యూటరు దూరానికి సరిపోకపోవచ్చు. కంటి పరీక్షకు వెళ్లినప్పుడు మీ తెర ఎంత దూరంలో ఉంటుందో చెప్పి అద్దాలు రాయించుకోండి. ప్రతి 20 నిమిషాలకు ఒకసారి 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లు చూడండి. తెర చూస్తున్నప్పుడు రెప్పలు తక్కువగా ఆడతాయి గనుక కావాలని రెప్ప వేస్తుండాలి. తేనె, రసాలు వంటివి సొంతంగా కంట్లో వేసుకోకూడదు.

రాత్రి మేల్కొనడం శరీరంలో రూక్షత్వాన్ని పెంచుతుందని శాస్త్రం. పదింటికి పడుకొని వేకువనే లేవడం రాత్రి పన్నెండు దాకా చదవడంకంటె మేలు. రాత్రి భోజనం పెందలాడే ముగించి, తేలికగా ఉండేలా చూసుకోవాలి. వేకువన రెండవ కాఫీకి బదులు శొంఠి, ధనియాల కషాయం కొంచెం బెల్లంతో తాగవచ్చు. మధుమేహం ఉన్నవారు బెల్లం మానాలి. పడుకోబోయే ముందు అరికాళ్లకు నువ్వుల నూనె రాసి మర్దించుకోవడం పాదాలకూ, నిద్రకూ, కంటికీ మంచిదని ఆయుర్వేదం చెబుతుంది. నూనె తుడుచుకోకుండా నేలమీద నడిస్తే జారే ప్రమాదం ఉంది. మధుమేహంవల్ల పాదాలకు స్పర్శ తగ్గినవారు వేడినూనె వాడరాదు.

అరగంటకొకసారి కుర్చీలోంచి లేచి నాలుగు అడుగులు వేయాలి. మిల్లులో పద్దులు రాసేటప్పుడు లేని నడుము నొప్పి కొందరికి కొత్త చదువులో మొదలవుతుంది. కుర్చీ ఎత్తు సరిచేసుకుంటే చాలావరకు రాదు. జ్ఞాపకశక్తి గుళికలంటూ వచ్చే ప్రకటనలను నమ్మి, వైద్యుని సలహా లేకుండా ఏమీ మింగవద్దు.

సందేహాలు, సమాధానాలు

ప్రశ్న: పరీక్ష ప్యాసైతే ఉద్యోగం ఖాయమా?
జవాబు: ఖాయం కాదు. చాలా సంస్థలు జీవశాస్త్ర పట్టభద్రులకు ముందు అవకాశం ఇస్తాయి. అనుభవం లేనివారి అర్హత పక్కన శిక్షణార్థి అనే గుర్తు కూడా ఉంటుంది. నేను బి.కాం. చదివినవాణ్ణి గనుక ముందు బిల్లింగు విభాగంలో చేరి, అక్కడినుంచి కోడింగులోకి మారాను. జీతం మిల్లులో చివరికి వచ్చినదానికంటె తక్కువతో మొదలైంది. రెండో ఏటికి సమానమైంది. సులభమైన కేసులకు ఇప్పుడు కంప్యూటరే సంకేతాలు సూచిస్తోంది. చిక్కు కేసులు చదవగలిగినవారికే ముందుముందు విలువ.

ప్రశ్న: ఉన్న ఉద్యోగం మానేసి చదవవచ్చా?
జవాబు: ఉద్యోగం ఉన్నవారు మానవద్దు. వేకువన రెండు గంటలు చాలు. ఉద్యోగం పోయినవారు కనీసం ఏడాది ఇంటిఖర్చు పక్కన పెట్టుకుని మొదలుపెట్టాలి. కోర్సు ఫీజుకోసం నగలు తాకట్టు పెట్టవద్దు.

ప్రశ్న: మంచి సంస్థను గుర్తించడం ఎలా?
జవాబు: డిగ్రీ అంటే యు.జి.సి. అనుమతుల జాబితాలో ఆ విశ్వవిద్యాలయం, ఆ కోర్సు, ఆ ఏడాది మూడూ ఉన్నాయేమో చూడాలి. డిగ్రీ కాని శిక్షణ అయితే అక్కడ చదివి పనిలో చేరిన ఇద్దరితో స్వయంగా మాట్లాడాలి. ఉద్యోగం హామీ అంటూ మొత్తం సొమ్ము ముందే అడిగేవారిని, ఆరు వారాల్లో వైద్యుణ్ణి చేస్తామనేవారిని దూరంగా ఉంచాలి. వైద్యానుబంధ వృత్తుల చట్టం అనుబంధంలో ఆరోగ్య సమాచార నిర్వహణ వర్గం కూడా ఉంది గనుక, కోడింగులో చేరేవారు కూడా కొత్త నిబంధనలు ఎప్పటికప్పుడు తెలుసుకుంటుండాలి.

ప్రశ్న: నాకు రోగులకు దగ్గరగా ఉండి సేవ చేయాలని ఉంది. ఏమి చేయాలి?
జవాబు: అది ఉత్తమమైన కోరిక. పరిచారకుడు చికిత్సకు ఒక పాదమని చరకుడే అన్నాడు గదా. అయితే ఆసుపత్రిలో నిలబడి నేర్చుకునే శిక్షణలోనే చేరండి. మంచం మీది రోగిని ఒత్తిగిలజేయడం, పుండు పడకుండా చూడడం, అన్నం గొంతుకు అడ్డం పడకుండా తినిపించడం మరొకరి పర్యవేక్షణలో చేతులతో చేసి నేర్వవలసినవి. పాఠాలు మాత్రం ఇంట విని వెళితే శిక్షణ త్వరగా ఒంటబడుతుంది.

గుర్తుంచుకోవలసిన విషయాలు

1. ఆన్‌లైన్ చదువు జ్ఞానాన్నిస్తుంది. రోగికి చికిత్స చేసే హక్కును ఇవ్వదు.
2. చేరేముందు ఆ వృత్తిలో రోగిని తాకవలసి ఉందా అని అడగండి. ఉంటే ఆసుపత్రి శిక్షణ తప్పదు.
3. పాత వృత్తిని పారవేయకండి. దానికి ఆనుకొని ఉన్న వైద్యరంగపు పనిని వెతకండి.
4. ఒంటరిగా చదవకండి. చదివినది ఇంట్లో ఎవరికైనా చెప్పండి.
5. నిద్ర, కన్ను, నడుము, ఈ మూడింటినీ చదువుతో సమానంగా చూసుకోండి.

నాతోపాటు చదివిన నలుగురిలో ఒకరు మధ్యలో మానుకుని తన కిరాణా వ్యాపారమే చూసుకుంటున్నారు. ఒకరు ఒక ఆసుపత్రి బీమా విభాగంలో ఉన్నారు. మూడవవారు, యాభై రెండేళ్ల ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, ఈ ఏడు పరీక్ష రాయబోతున్నారు. సంధిశోథకు, అస్థిశోథకు భేదమేమిటో నిన్న ఫోనులో ఆమె నాకు చెబుతుంటే, ఆ రెండింటి మధ్య తేడా నాకు అంత స్పష్టంగా అంతకు ముందెన్నడూ తెలియలేదు.